నడుం కట్టిన విశేషాలు

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండలు. వాటి పంచన ఉదయగిరి, కిందికి వస్తే పెన్నకు దగ్గర్లో ఆత్మకూరు. ఈ చుట్టుపక్కల ఎవరిని పలకరించినా మంచీచెడూ అయ్యాక వచ్చే మాట ఒకటే: "నడుం పట్టేసిందబ్బయా!" నాట్లేసి వచ్చినామెదీ ఆ మాటే, గరిటెలు చెక్కే అతనిదీ ఆ మాటే, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లాడిదీ అదే. ఆ నడుము చుట్టూనే అల్లిన కసరత్తు పిలాటీస్. పుట్టింది ఎక్కడో అయినా, దాని కబుర్లు కొన్ని మన ఉదయగిరి దుర్గం దాకా వస్తాయి.

◆ పైలట్లకు సంబంధం లేదు

బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి "పైలెట్స్" అని చదివేవాళ్లు చాలామంది. అది పిలాటీస్. కనిపెట్టిన మనిషి ఇంటిపేరే దానికి మిగిలింది. చిన్నప్పుడు తోటి పిల్లలు ఆ పేరు పట్టుకుని, ఏసుకు శిక్ష వేసిన పిలాతుతో ముడిపెట్టి ఏడిపించేవారని చెబుతారు. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు పొంతి పిలాతు తెలుసు కాబట్టి ఆ ఎగతాళి ఎంత మంటగా ఉండేదో కూడా తెలుస్తుంది.

◆ బక్క పిల్లాడి పంతం

జోసెఫ్ పిలాటీస్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మొన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. ఉబ్బసం, ఎముకలు వంగే రికెట్స్, కీళ్లవాతపు జ్వరం, మూడూ చిన్నతనంలోనే చుట్టుకున్నాయి. ఆ ఒంటిని తనే మలుచుకున్నాడు. జిమ్నాస్టిక్స్, బాక్సింగ్, కుస్తీ దేన్నీ వదల్లేదు. 1912 ప్రాంతంలో ఇంగ్లండ్ చేరి సర్కస్‌లోనూ పనిచేశాడు. ఉబ్బసం పిల్లాడు ఊపిరినే తన పద్ధతికి పునాది చేసుకోవడం ఇందులో అసలు విశేషం.

◆ ఈడూ జోడూ మన రామ్మూర్తి

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గరా ఒక సర్కస్ బలశాలి ఉన్నాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు. వయసులో ఇద్దరూ ఇంచుమించు సమానం. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంపడం ఆయన పేరుమోసిన ప్రదర్శన. వాయుస్తంభన సాధన చేశాడని చెప్పుకుంటారు. ఐదో జార్జి దంపతుల ముందు ప్రదర్శించి 'ఇండియన్ హెర్క్యులస్' అనిపించుకున్నాడు. ఒకాయన ఊపిరిని బిగబట్టి బలం చూపాడు, రెండో ఆయన ఊపిరిని ఆపకుండా నడిపించడమే బలం అన్నాడు. ఊపిరి లేనిదే కండ లేదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు.

◆ శిబిరంలో పాఠశాల

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ కాబట్టి జోసెఫ్‌ను బ్రిటిష్ వాళ్లు నిర్బంధించారు. ముందు లాంకాస్టర్, తరవాత ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని నోకలో శిబిరం. ఒక దశలో అక్కడ సుమారు 23,000 మంది ఉండేవారు. వాళ్లలో కొందరికి కసరత్తు నేర్పుతూనే తన పద్ధతికి ఒక రూపం తెచ్చుకున్నాడు. మంచం పట్టినవాళ్ల కోసం ఆ మంచాల స్ప్రింగులనే ఊడదీసి కట్టాడని, అదే తరవాత యంత్రాలకు దారి తీసిందని ఒక ముచ్చట. ముచ్చటగానే విందాం. ఇప్పటి పిలాటీస్ యంత్రాలు స్ప్రింగుల మీదే నడుస్తాయన్నది మాత్రం కళ్లెదుటి నిజం.

◆ నర్తకుల వైద్యుడు

1926 ప్రాంతంలో న్యూయార్క్‌కు ఓడెక్కాడు. ఆ ఓడలోనే క్లారా పరిచయమైంది. ఇద్దరూ కలిసి ఎనిమిదో అవెన్యూలో 939 నంబరు ఇంట్లో స్టూడియో పెట్టారు. దగ్గర్లోనే నాట్యశాలలు. కాలు బెణికిన నర్తకులు వరస కట్టారు. జార్జి బాలన్‌షీన్, మార్తా గ్రాహం వంటి మహామహులు తమ శిష్యులను అక్కడికి పంపేవారు. 1967లో, 83 ఏళ్ల వయసులో పోయేదాకా జోసెఫ్ తన పద్ధతిని 'కంట్రాలజీ' అనే పిలిచాడు. అంటే అదుపు విద్య. పిలాటీస్ అన్న పేరు స్థిరపడింది ఆ తరవాతే.

◆ పేరు ఎవరి సొత్తు?

ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కు తనదని ఒకరు కోర్టుకెక్కారు. 2000 అక్టోబరులో మన్‌హాటన్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. యోగా, కరాటేల్లాగే పిలాటీస్ కూడా ఒక పద్ధతి పేరు, ఒకరి సొత్తు కాదని తేల్చింది. ఉదయగిరి కర్ర గరిటెల కథ దీనికి తిరగేసిన బొమ్మ. వాటికి జీఐ గుర్తింపు ఉంది. వేరే ఊళ్లో చెక్కిన గరిటెను ఉదయగిరి గరిటె అని అమ్మకూడదు. ఒక మనిషి పేరు లోకం పాలైంది, ఒక ఊరి పేరు ఊరికే దక్కింది.

◆ ఆరు సూత్రాలు ఆయన రాసినవి కావు

ఏకాగ్రత, అదుపు, కేంద్రం, ఒరవడి, కచ్చితత్వం, ఊపిరి. పిలాటీస్ నేర్చుకునేవాళ్లు మొదటి రోజే వల్లించే ఆరు సూత్రాలివి. జోసెఫ్ తన పుస్తకాల్లో ఇలా జాబితా కట్టలేదు. ఆయన 1945లో విలియం మిల్లర్‌తో కలిసి తెచ్చిన పుస్తకంలో ఉన్నవి 34 చాప కసరత్తులు. ఆరు సూత్రాలుగా ఏర్చి కూర్చింది ఫిలిప్ ఫ్రీడ్‌మన్, గెయిల్ ఐసెన్. అదీ 1980లో వచ్చిన పుస్తకంలో. గురువు చేసి చూపిస్తే శిష్యులు సూత్రం కట్టారు.

◆ తెలుగువాళ్లకు ముందే తెలిసిన సూత్రం

కొత్త పని మొదలుపెడితే నడుం కట్టాం అంటాం. పంతం పడితే నడుం బిగించాం అంటాం. అలసిపోతే నడుం వాల్చడం, ఓడిపోతే నడుం విరగడం. చేతులతో చేసే పనికి కూడా మన భాష నడుమునే ముందు పిలుస్తుంది. పిలాటీస్‌లో కేంద్రం అన్న సూత్రానికి అర్థం ఇంతే: కదలిక చేతిలో కనిపించినా, మొదలయ్యేది నడుములో.

◆ ఒళ్లు నిజంగానే నడుం కడుతుంది

పై మాట సామెత మటుకే అనుకోకండి. పొట్ట లోపలి పొరలో, పట్టీలాగా నడుం చుట్టూ అడ్డంగా అల్లుకున్న కండరం ఒకటుంది. చెయ్యి ఎత్తాలని మనం అనుకోగానే, చెయ్యి కదలకముందే అది బిగుసుకుంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ 1996లో ప్రచురించిన పరీక్షలో తేలిన సంగతి ఇది. నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఆ బిగింపు ఆలస్యంగా వచ్చింది. అంటే వాళ్లలో చెయ్యి ముందు, నడుము తరవాత. ఆ వరస తప్పకుండా చూసుకోవాలన్నదే పిలాటీస్ పంతులు పదేపదే చెప్పేది. పొట్ట లోపలికి లాగు, ఆ తరవాతే కాలెత్తు.

◆ ఊపిరికీ గేట్లున్నాయి

ఆత్మకూరు వాసులకు సోమశిల జలాశయం లెక్క నోటికొచ్చు: 78 టీఎంసీలు. మరి మన ఛాతీలో జలాశయం లెక్క? ఎదిగిన మగమనిషి ఊపిరితిత్తుల్లో సుమారు ఆరు లీటర్ల గాలి పడుతుంది. మామూలుగా కూర్చున్నప్పుడు ఒక్కో ఊపిరికి మనం తీసుకునేది అర లీటరే. ఎంత గట్టిగా వదిలినా లీటరు పైచిలుకు లోపలే ఉండిపోతుంది. పీల్చడం సంగతి తరవాత, ముందు పూర్తిగా వదలండి అన్నది జోసెఫ్ పట్టుదల. పాత నీళ్లు పోతేనే కదా కొత్త నీళ్లకు చోటు. పొట్ట ఉబ్బించకుండా పక్కటెముకలు రెండువైపులా విచ్చుకునేలా ముక్కుతో పీల్చడం, బరువు పడే క్షణంలో వదలడం, ఇదీ పిలాటీస్ ఊపిరి.

◆ వంద అనే కసరత్తు

చాప కసరత్తుల్లో మొదటిది 'హండ్రెడ్'. వెల్లకిలా పడుకుని, తల, జబ్బలు కాస్త లేపి, కాళ్లు చాపి ఎత్తి, చేతుల్ని పక్కన నీటి మీద తట్టినట్టు ఆడించాలి. అయిదు తట్లకు పీల్చడం, అయిదింటికి వదలడం. ఇలా పదిసార్లు, మొత్తం వంద. అయితే పిలాటీస్‌లో ఇంత పెద్ద అంకె ఇదొక్కటే. మిగిలినవి చాలావరకు పదికి మించవు. తాలింఖానాలో దండాలు, బస్కీలు వందల లెక్కన తీసిన తాతల మనవలకు ఇది పిల్లల ఆటగా అనిపించొచ్చు. మూడోసారికే వణికే పొట్ట వేరే మాట చెబుతుంది.

◆ రాయలవారి పొద్దుటి పని

ఉదయగిరి దుర్గం ఎత్తు 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను 1513లో ముట్టడించిన శ్రీకృష్ణదేవరాయలు 1514లో గాని పట్టలేకపోయాడు. పట్టడానికి ఏడాదిన్నర పట్టిందని, బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అంత ఓపిక గల మనిషి ఒళ్లు ఎలా కాపాడుకున్నాడు? ఆయన్ను కళ్లారా చూసిన మరో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ చెప్పాడు. తెల్లారకముందే లేచి నువ్వుల నూనె తాగేవాడు. అదే నూనె ఒళ్లంతా పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడు. కత్తి తిప్పేవాడు. నూనె అంతా చెమటగా కారిపోయాక మల్లుడితో కుస్తీ. ఆపైన గుర్రమెక్కి పొద్దుపొడిచేదాకా స్వారీ. బరువు, ఒడుపు, పట్టు, దమ్ము, నాలుగూ వరసగా ఉన్నాయి చూడండి. ఇప్పటి జిమ్ వాళ్లు వేసే పట్టికకు ఏమాత్రం తీసిపోదు.

◆ మనసు మీద యుద్ధం, ఉదయగిరిలోనే

కోట మీద యుద్ధం కన్నా ముందే ఉదయగిరికి ఇంకో యుద్ధంతో చుట్టరికం ఉంది. నంది మల్లయ, ఘంట సింగయ అనే జంట కవులు 15వ శతాబ్దంలో 'ప్రబోధ చంద్రోదయం' కావ్యాన్ని ఉదయగిరి పాలకుడి మంత్రి గంగయకు అంకితమిచ్చారు. కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం దానికి మూలం. అందులో సైన్యాలు నడిపేది రాజులు కారు. మనసుకు పుట్టిన వివేకం, మోహం. జోసెఫ్ పిలాటీస్‌కు ఈ కావ్యం తెలిసే వీలు లేదు. అయినా ఆయనా ఒంటిని మనసు ఏలాలనే అన్నాడు. ఫోను చూస్తూ నడిచే యంత్రం మీద నడవొచ్చేమో గాని, ఫోను చూస్తూ పిలాటీస్ చేయలేం. ఊపిరి లెక్క తప్పుతుంది, నడుం జారుతుంది. ఆ అరగంట చింతలకు సందు దొరక్కపోవడమే మనసుకు దక్కే లాభం.

◆ కాయకష్టం కసరత్తు కాదా?

"మేం పొద్దున్నుంచి ఒంగి లేస్తూనే ఉన్నాం, మళ్లీ కసరత్తెందుకు?" పల్లెలో ఈ ప్రశ్న తప్పదు. న్యాయమైన ప్రశ్నే. కాయకష్టంలో దమ్ము ఉంటుంది, కండ ఉంటుంది. లేనిది సమతూకం. గరిటె చెక్కే మనిషిని చూడండి. వీపు గంటల తరబడి ముందుకే వంగి ఉంటుంది, కత్తి పట్టిన చెయ్యి ఒక్కటే అరుగుతుంది. నాట్లేసే ఆమె నడుము ఒకవైపే మడత పడుతుంది. పిలాటీస్ చేసేదల్లా మిగిలిన వైపులు గుర్తుచేయడం. ముందుకు వంగినంత వెనక్కి, కుడికి తిరిగినంత ఎడమకు. కాబట్టి అందరికీ ఒకటే మందు పనికిరాదు. రోజంతా వంగేవాళ్లకు ముందు కావలసింది వీపును వెనక్కి తెరిచే కసరత్తు. రోజంతా కూర్చునేవాళ్లకు తుంటి, తొడలు సాగాలి.

◆ పొద్దున పొడుగు, రాత్రికి పొట్టి

పుట్టినప్పుడు మన వెన్నులో 33 పూసలు. పెద్దయ్యేసరికి కింది భాగంలోవి అతుక్కుపోయి 26 ఎముకలే మిగులుతాయి. పూసల మధ్య మెత్తలు 23. వాటిలో నీరు ఎక్కువ. పగలంతా నిలబడి, మోసి, కూర్చునేసరికి కొంత నీరు పిండుకుపోతుంది. రాత్రి పడుకుంటే మళ్లీ ఊరుతుంది. అందుకే పొద్దున లేవగానే మనం సుమారు ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉంటాం. గోడ మీద గీత పెట్టి పిల్లలతో కొలిపించండి. లేచీ లేవగానే మెత్తలు నిండుగా ఉంటాయి కాబట్టి అప్పుడే గబుక్కున ఒంగి బిందె ఎత్తకపోవడం మంచిది.

◆ ఆసనాలకు చుట్టాలు

పిలాటీస్‌లో 'స్వాన్' మన భుజంగాసనానికి దగ్గర. 'రోల్ ఓవర్' చూస్తే హలాసనం గుర్తొస్తుంది. 'టీజర్' అచ్చం నావాసనం. తేడా ఎక్కడంటే, ఆసనంలో కుదురుగా నిలవాలి, పిలాటీస్‌లో ఆగకుండా జారుతూ పోవాలి. నిలకడ ఒకదాని సొగసు, ఒరవడి ఇంకోదాని సొగసు.

◆ లాభం ఎంత? తూకం వేస్తే...

నడుం నొప్పికి పిలాటీస్ పనిచేస్తుందా అని 2015లో కొక్రేన్ సమీక్ష 10 పరీక్షలను, 510 మంది రోగుల ఫలితాలను తూచింది. ఏమీ చేయకపోవడం కన్నా మేలే, నొప్పీ తగ్గింది, పనులూ సులువయ్యాయి. కానీ మిగతా వ్యాయామాల కన్నా ఇదే గొప్ప అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి అప్పుచేసి యంత్రాలున్న చోటికే వెళ్లనక్కర్లేదు. మానకుండా చేసేదే మంచి వ్యాయామం. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పిలాటీస్‌తో గుండెకు చాలినంత పని దొరకదు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటిది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

◆ వంగకూడని వాళ్లు

ముట్లుడిగి, ఎముకలు గుల్లబారిన 59 మంది స్త్రీలను అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు గమనించి 1984లో ఫలితం ప్రకటించారు. వీపును వెనక్కి వంచే కసరత్తు చేసినవాళ్లలో 16 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. ముందుకు వంచే కసరత్తు చేసినవాళ్లలో 89 శాతం మందికి. పరీక్ష చిన్నదే గాని హెచ్చరిక పెద్దది. పిలాటీస్‌లో తల లేపి పొట్ట మడిచేవి చాలా ఉన్నాయి. ఎముక బలం తెలియకుండా అమ్మమ్మలు వాటి జోలికి పోకూడదు. కాళ్లలోకి తిమ్మిరి పాకే నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా డాక్టర్ని అడిగాకే చాప పరవాలి.

◆ వైద్య గ్రంథాల్లో నెల్లూరు పేరు

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకునే జబ్బును మన దేశంలో మొదట వివరించింది నెల్లూరు జిల్లా నుంచే. డాక్టర్ షార్ట్ 1937లో ప్రచురించాడు. ఫ్లోరైడ్ బెడద ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి కూడా అప్పట్లో నెల్లూరు జిల్లావే. ఉదయగిరి, వరికుంటపాడు వైపు ఆ బెడద ఇంకా తెలిసిందే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ముదిరితే వెన్ను చుట్టూ కీళ్లబంధాలు గట్టిపడి, నడుము కర్రలా అవుతుంది. పల్లెల్లో దీన్ని పసిగట్టడానికి మూడు పరీక్షలు చేయిస్తారు. గడ్డం ఛాతీకి ఆనాలి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవాలి. చేతులు తల వెనక్కి పోవాలి. ఇవి రాకపోతే "కసరత్తు చేస్తే సాగుతుందిలే" అని బలవంతం చేయకండి. గట్టిపడిన వెన్నుకు కావలసింది ముందు మంచినీళ్లు, డాక్టరు సలహా.

◆ చాప ఉంటే చాలు

రిఫార్మర్, కాడిలాక్ వంటి యంత్రాలు లేకున్నా ఇంట్లో మూడు మొదలుపెట్టొచ్చు. ఒకటి వంతెన. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ తుంటి నుంచి ఒక్కో పూసనూ నేల మీంచి లేపాలి, అలాగే ఒక్కోటీ దించాలి. రెండోది హంస. బోర్లా పడుకుని, పొట్ట లోపలికి లాగి, ఛాతీ కాస్త లేపాలి. మెడ విరవకూడదు. మూడోది కాలి సున్నా. వెల్లకిలా పడుకుని ఒక కాలు పైకెత్తి గాల్లో సున్నా చుట్టాలి, బొడ్డు మీద నిండు గ్లాసు పెట్టినట్టు తుంటి కదలకుండా. ఒక్కోటి అయిదారుసార్లు. గ్లాసు ఒలికిందని అనిపిస్తే సున్నా చిన్నది చేయండి.

◆ ఎక్కడం కాదు, దిగడం

స్ప్రింగును లాగడం ఎవరైనా చేస్తారు. దాన్ని చప్పుడు లేకుండా వెనక్కి వదలడంలో ఉంది పిలాటీస్ పనితనం. సాగుతూనే బరువు ఆపే ఆ సమయంలోనే కండరానికి ఎక్కువ పరీక్ష. దుర్గం ఎక్కివచ్చినవాళ్లకు ఇది ఒంటికి తెలుసు. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది గాని, మర్నాడు తొడలు సలిపేది దిగినందుకే. కాబట్టి ఉదయగిరి కొండ చూడబోయేవాళ్లు దమ్మంతా పైకే ఖర్చు పెట్టకండి. దిగే ముందు ఒక బండ మీద కూర్చుని నాలుగు ఊపిర్లు పూర్తిగా వదలండి. నడుం కట్టాల్సింది అప్పుడు.